ఎడేల్ నుంచి హేఫీల్డ్ దాకా: పెన్నైన్ వే మీద ఒక రోజు నడక, మొదటిసారి వెళ్లేవాళ్ల కోసం

మాంచెస్టర్, షెఫీల్డ్ చుట్టుపక్కల చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు ఎండాకాలం దగ్గర పడగానే ఒకటే అడుగుతుంటారు: "అక్కా, పెన్నైన్ వే మీద ఒక్కరోజు నడవాలంటే ఎలా?" ఫోన్లో చెబితే సగం మర్చిపోతున్నారు. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

పెన్నైన్ వే ఇంగ్లండ్‌లోని ఎడేల్ ఊళ్లో మొదలై స్కాట్లండ్‌లోని కర్క్ యెథోమ్ దాకా సాగే 431 కిలోమీటర్ల కాలిబాట. మనం నడిచేది దానిలో మొదటి 11 కిలోమీటర్లు, కొంచెం అటూ ఇటూ. తర్వాత ఆ బాట వదిలి ఎడమవైపు దిగి హేఫీల్డ్ ఊరు చేరతాం. మొత్తం దాదాపు 18 కిలోమీటర్లు. ఎక్కాల్సింది 500 మీటర్ల పైచిలుకు. ఆగుతూ నడిస్తే ఆరు నుంచి ఏడు గంటలు.

అలిపిరి నుంచి తిరుమల ఎక్కినవాళ్లు "ఆ మాత్రం ఎక్కలేమా" అంటారు. ఎక్కగలరు, నిజమే. కానీ అక్కడ మెట్లుంటాయి, నీడ ఉంటుంది, దారిలో మంచినీళ్లు, కొట్లు, పక్కన మనుషులు ఉంటారు. ఇక్కడ ఊరు దాటాక చెట్టు కూడా ఉండదు. నేను చూసినంతలో ఈ నడకలో ఇబ్బంది పడ్డవాళ్లు ఒంట్లో ఓపిక లేక పడలేదు. ఎక్కడ వెనక్కి తిరగాలో ఇంటి దగ్గరే అనుకోకపోవడం వల్ల పడ్డారు. దాని గురించే ఎక్కువ రాస్తాను.

1. ముందు ఆ నేల సంగతి

ఎక్కేది కిండర్ స్కౌట్ అనే కొండ. దాని నెత్తి శిఖరంలా ఉండదు, బల్లపరుపుగా ఉంటుంది. హెదర్ పొదలు, గడ్డి తప్ప ఏమీ పెరగని ఇలాంటి ఎత్తైన బయలునే మూర్లాండ్ అంటారు.

కింద ఉండేది పీట్. పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లుగా పేరుకున్న నాచు, గడ్డి అది. చేతిలోకి తీసుకుంటే తడిసిన కాఫీ పొడిలా నల్లగా, మెత్తగా ఉంటుంది. పైకి గట్టిగా కనిపించిన చోటే మోకాలి దాకా దిగబడుతుంది. వాన నీళ్లు ఈ పీట్‌ను కోసి మనిషి ఎత్తు కాలవలు చేశాయి. వాటిని గ్రఫ్‌లు అంటారు. ఒకసారి వాటిలోకి దిగితే చుట్టూ నల్ల గోడలే కనిపిస్తాయి, దిక్కు తెలియదు. కాబట్టి మన దారంతా కొండ అంచునే ఉంటుంది, నడుమకి పోము.

2. రోజు ఎంచుకోవడం

మొదటిసారి అయితే మే నడుమ నుంచి సెప్టెంబర్ నడుమ దాకా వెళ్లండి. జూన్ చివర రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుతురుంటుంది. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది.

ఫోన్లో మామూలుగా కనిపించే వాతావరణం ఊరిది. మెట్ ఆఫీస్ (బ్రిటన్ వాతావరణ శాఖ) పీక్ డిస్ట్రిక్ట్ కొండలకి, అంటే మనం నడిచే ఈ కొండలకి, వేరుగా సూచన ఇస్తుంది, ముందు రోజు రాత్రి అది చూడండి. నేను పెట్టుకున్న హద్దులు ఇవి:

- కొండ మీద గాలి విసురు గంటకి 40 మైళ్లు దాటితే వెళ్లను.
- మేఘం 600 మీటర్ల కంటే కిందికి దిగుతుందంటే, పైన అంతా పొగమంచే. కంపాస్ వాడటం వచ్చినవాళ్లు ఒక్కరైనా లేకపోతే వెళ్లను.
- రోజంతా వాన అంటే వాయిదా. రెండు జల్లులు అంటే బయల్దేరతాను.
- ఉరుములు అంటే ఆలోచనే లేదు.

పైన ఊళ్లో కంటే రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉంటుంది. గాలి తోడైతే ఒంటికి ఇంకా చాలా చల్లగా అనిపిస్తుంది.

3. నాలుగు నిర్ణయాలు, నాలుగు టైములు

ఇది ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఫోన్లో వద్దు, చలికి ఛార్జింగ్ తొందరగా దిగుతుంది.

లెక్కకి పాత సూత్రం ఒకటుంది: 5 కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. దాని ప్రకారం మన నడక నాలుగున్నర గంటలు. మనం ఫొటోలు దిగుతాం, తింటాం, ఒకరి కోసం ఒకరం ఆగుతాం. అందుకే ఆరు గంటల పైన పట్టుకోండి. ఉదయం తొమ్మిదిన్నరకి ఎడేల్‌లో అడుగు వేస్తే ఇలా:

- అప్పర్ బూత్ (దారిలో వచ్చే చిన్న ఊరు), 10:15. ఎవరికైనా షూ కొరుకుతున్నా, కడుపులో బాగోలేకపోయినా ఇక్కడే చెప్పాలి. రోడ్డు పట్టుకుని సులువుగా ఎడేల్ స్టేషన్‌కి తిరిగి రావచ్చు.
- జేకబ్స్ లాడర్ (నిటారు రాతి మెట్లు) పైభాగం, 11:15. పన్నెండు దాటినా ఇక్కడికి చేరకపోతే, లేదా పైన మబ్బు కప్పేసి ఉంటే, కొండ నెత్తికి వెళ్లకండి. నేరుగా ఎడేల్ క్రాస్ మీదుగా వెడల్పాటి దారి హేఫీల్డ్‌కే దిగుతుంది. నడక చెడిపోయినట్టేమీ కాదు, అదీ మంచి దారే.
- కిండర్ డౌన్‌ఫాల్ (జలపాతం), 12:45. రెండు దాటితే వచ్చిన దారినే వెనక్కి.
- ఆషప్ హెడ్ (నాలుగు దారులు కలిసే చోటు), 2:15. ఇక్కడ ఎడమకే తిరగాలి. ఎవరు ఎంత ఉత్సాహంగా ఉన్నా ముందుకి పోవద్దు.

గుంపులో నెమ్మదిగా నడిచే మనిషి వేగమే అందరి వేగం. ఆ మనిషిని ముందు నడవనివ్వండి. వెనక పెడితే, ఆగి చూసే ముందువాళ్లకి విశ్రాంతి దొరుకుతుంది, ఆ మనిషి చేరగానే మళ్లీ బయల్దేరతారు. అసలు అలిసిన మనిషికి మాత్రం విశ్రాంతే ఉండదు.

4. ఒంటి మీద, కాళ్లకి

"జీన్స్ వేసుకోవచ్చా అక్కా?" వద్దు. తడిస్తే బరువెక్కుతుంది, సాయంత్రం దాకా ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది. కాటన్ టీషర్ట్, కాటన్ హుడీ కూడా అంతే.

ఒక జూన్‌లో మాతో వచ్చిన అమ్మాయి కాటన్ హుడీలో ఉంది. కిండర్ డౌన్‌ఫాల్ దగ్గర పడమటి గాలి కొడితే పడే నీళ్లు వెనక్కి లేచి మీద చల్లుతాయి. చూడ్డానికి బాగుందని పది నిమిషాలు అక్కడే నిలబడింది. కాసేపటికి బ్యాగ్ జిప్పు తీయబోతే వేళ్లు వంగలేదు. పెదాలు నల్లబడ్డాయి. అడిగినదానికి సమాధానం ముద్దముద్దగా వచ్చింది. బండ చాటుకి తీసుకెళ్లి, తడి బట్టలు మార్పించి, ఫ్లీస్ (వెచ్చని మెత్తటి జాకెట్) తొడిగి, ఫ్లాస్కులో వేడి రసం తాగించి వెనక్కి వచ్చేశాం. నగరంలో ఆ రోజు ఎండ కాసింది.

- ఒంటికి అంటుకుని: పాలియెస్టర్ లేదా మెరినో ఉన్ని బనియన్
- దాని మీద ఫ్లీస్
- అన్నిటి పైన వాటర్‌ప్రూఫ్ జాకెట్, వాటర్‌ప్రూఫ్ ప్యాంటు. ఎండ ఉన్నా సంచిలో ఉండాలి
- ఉన్ని టోపీ, చేతి తొడుగులు. మే నెలలో కూడా
- చీలమండ దాకా పట్టి ఉంచే బూట్లు, అడుగున లోతైన గాట్లతో

కొత్త బూట్లతో ఆ రోజే మొదలుపెట్టకండి. కనీసం రెండు వారాలు బజారుకి, ఆఫీసుకి అవే వేసుకుని తిరగండి. జిమ్ షూస్ అడుగు నున్నగా ఉంటుంది, తడి రాయి మీద జారుతుంది.

5. సంచి సర్దడం

- నీళ్లు ఒక్కొక్కరికి 2 లీటర్లు. వాగు నీళ్లు తేటగా కనిపించినా పైన గొర్రెలు తిరుగుతుంటాయి, తాగొద్దు
- ఫ్లాస్కులో వేడిది ఏదైనా
- పొడి సాక్స్ ఒక జత, పొడి బనియన్ ఒకటి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి
- తలకి కట్టుకునే టార్చి, ఎండాకాలమైనా సరే
- విజిల్
- కాగితం మ్యాప్, కంపాస్
- పవర్ బ్యాంకు
- బొబ్బల ప్లాస్టర్లు, క్రేప్ బ్యాండేజి, మీరు రోజూ వేసుకునే మందులు
- గడ్డిలో ఒంటికి పట్టుకునే పిడుదును (టిక్) పీకే ట్వీజర్
- టిష్యూలు, చెత్తకి కవర్లు రెండు

తిండి: పులిహోర చాలా బాగా పనిచేస్తుంది. చల్లారినా తినొచ్చు, ఉప్పు ఉంటుంది, కడుపు నిలబడుతుంది. పెరుగన్నం వద్దు, ఆ చలిలో ఎవరూ ముట్టరు. డబ్బా కంటే చపాతీ చుట్టలు నయం, చేతి తొడుగులు తీయకుండానే తినొచ్చు. పల్లీ చిక్కీ, ఖర్జూరం, జీడిపప్పు జేబులో పెట్టుకుని గంటకోసారి కొంచెం నోట్లో వేసుకోండి. ఆకలయ్యాక తిందామనుకుంటే ఆలస్యమైనట్టే.

6. మ్యాప్

కావాల్సింది ఆర్డనెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ ఓఎల్1, డార్క్ పీక్. 1:25,000 కొలత. దాని మీద 4 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటర్. నీలి గీతల గడి ఒక్కోటి కిలోమీటర్ పొడవు, కిలోమీటర్ వెడల్పు.

ముందు రోజు భోజనాల బల్ల మీద పరిచి దారి వెంట వేలు పెట్టి వెళ్లండి. గోధుమరంగు గీతలు దగ్గర దగ్గరగా ఉంటే నిటారు, దూరంగా ఉంటే చదును. ఈ ఒక్కటి అర్థమైతే ఎక్కడ ఆయాసం వస్తుందో ఇంట్లోనే తెలిసిపోతుంది.

ఫోన్లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని, నడిచేటప్పుడు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. జాతీయ కాలిబాటలకి ఓక్ చెట్టు కాయ గుర్తు ఉంటుంది. పొలాల్లో అది బాగానే కనిపిస్తుంది, కొండ మీద దాన్నే నమ్ముకుని నడవొద్దు.

7. నడక, వరసగా

7.1 స్టేషన్ నుంచి అప్పర్ బూత్. ఎడేల్‌కి మాంచెస్టర్ పికడిలీ నుంచి, షెఫీల్డ్ నుంచి నేరుగా రైళ్లున్నాయి. స్టేషన్ దగ్గర టాయిలెట్లున్నాయి, తప్పకుండా వాడుకోండి. మళ్లీ హేఫీల్డ్‌లోనే. ఊళ్లోకి నడిస్తే ఓల్డ్ నాగ్స్ హెడ్ పబ్ వస్తుంది. పెన్నైన్ వే అక్కడే మొదలు.

బాట పడమటికి తిరిగి పచ్చిక పొలాల గుండా పోతుంది. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి: మూసి ఉంటే మూయాలి, తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి. ఆవులు దూడలతో ఉంటే వాటి నడుమ నుంచి వెళ్లకుండా చుట్టూ తిరగండి, పరుగెత్తకండి. మార్చి 1 నుంచి జులై 31 దాకా కొండ మీద కుక్కకి పొట్టి తాడు ఉండాల్సిందే, నేల మీద గూడు కట్టే పక్షులు పొదిగే కాలం అది.

7.2 జేకబ్స్ లాడర్. అప్పర్ బూత్ దాటి, లీ ఫామ్ మీదుగా పోతే చిన్న రాతి వంతెన వస్తుంది. అక్కడి నుంచి నిటారు రాతి మెట్లు. పక్కనే వంకరగా, మెల్లగా ఎక్కే దారి కూడా ఉంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అది పట్టుకోండి, మహా అయితే ఐదు నిమిషాలు తేడా.

వంతెన దగ్గరే ఫ్లీస్ తీసేయండి. చెమటతో తడిసిన బట్టతో పైకి చేరితే గాలి తగలగానే వణుకు పుడుతుంది. పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత వేగంతోనే ఎక్కండి.

7.3 కిండర్ లో. మెట్లు అయ్యాక దారి చీలుతుంది, చాలామంది పొరబడేది ఇక్కడే. ఎదురుగా వెడల్పుగా కనిపించేది ఎడేల్ క్రాస్‌కి పోయే దారి. మన దారి కుడివైపు, ఉత్తరానికి, ఎడేల్ రాక్స్ అనే బండల పక్క నుంచి ఎక్కుతుంది. పైన 633 మీటర్ల ఎత్తులో తెల్ల సున్నం వేసిన సర్వే స్తంభం ఉంటుంది. అదే కిండర్ లో. చుట్టూ ఇసుక, రాళ్లు, బోసి నేల. పొగమంచు పట్టిన రోజు ఇక్కడ దారి చెరిగిపోయినట్టుంటుంది. స్తంభం దగ్గర నిలబడి కంపాస్ తీసి ఉత్తరం చూసుకున్నాకే కదలండి.

7.4 డౌన్‌ఫాల్. ఇక్కడి నుంచి ఒక్క సూత్రం గుర్తుంచుకోండి: ఆషప్ హెడ్ చేరేదాకా లోయ మీ ఎడమ చేతి వైపే ఉండాలి. అంచుకి నాలుగడుగులు లోపలే నడవండి.

దాదాపు 30 మీటర్ల జలపాతం ఇది. ఎండలు ముదిరితే సన్నటి ధారే మిగులుతుంది. బాట జలపాతం నెత్తి మీద రాళ్ల మీదుగా వాగు దాటుతుంది. దాటగానే మళ్లీ ఎడమకి, అంచు వైపుకి తిరగాలి. ఒకసారి మబ్బులో ముందు పోయినవాళ్ల అడుగుజాడలు చూసుకుంటూ వాగు వెంట తూర్పుకి నడిచాం. బాట బాగానే ఉంది, అందుకే అనుమానం రాలేదు. ఇరవై నిమిషాల తర్వాత ఎడమవైపు లోయ ఉండాల్సిన చోట పీట్ గోడ కనిపించింది. అప్పుడు ఆగాం. అడ్డంగా కోసుకుని పోదామన్నారొకరు. ఒప్పుకోలేదు. వాగు వెంటే వెనక్కి జలపాతం దాకా వచ్చి మళ్లీ మొదలుపెట్టాం.

భోజనం ఇక్కడే, గాలికి చాటుగా, ఫ్లీస్ వేసుకుని. అరగంట చాలు. నారింజ తొక్కలు కూడా సంచిలోకే. ఈ నేల ఎండితే నిప్పు అంటుకుని లోపల్లోపలే కాలుతుంది. కాబట్టి స్టవ్వు, బార్బెక్యూ, సిగరెట్ ఏవీ వద్దు.

7.5 ఆషప్ హెడ్, విలియం క్లఫ్. అంచు వెంట వాయవ్యానికి నడిస్తే చివర నిటారుగా దిగుడు. అక్కడ నెమ్మది, తడి రాళ్లు జారతాయి. కింద నాలుగు దారులు కలుస్తాయి. ఎదురుగా మిల్ హిల్‌కి పోయేది పెన్నైన్ వే. కుడివైపుది స్నేక్ పాస్ రోడ్డు వైపు పోతుంది, అక్కడ రైల్వే స్టేషన్ లేదు. మనం ఎడమకి, విలియం క్లఫ్ లోయలోకి.

వాగును అటూ ఇటూ దాటుతూ దిగాలి. కిండర్ రిజర్వాయర్ కనిపించాక దాని పక్కనే పైనుంచి బాట. చివర గుండ్రాళ్లు పరిచిన దిగుడు, అక్కడ పాదం అడ్డంగా వేయండి. బౌడెన్ బ్రిడ్జి దాటాక హేఫీల్డ్ దాకా రోడ్డే.

7.6 ఇంటికి. హేఫీల్డ్‌లో రైలు లేదు. న్యూ మిల్స్‌కో, గ్లాసప్‌కో బస్సు పట్టుకుంటే రెండు చోట్లా మాంచెస్టర్ రైళ్లున్నాయి. షెఫీల్డ్ వాళ్లకి న్యూ మిల్స్ సెంట్రల్ స్టేషన్. ఆఖరి బస్సు టైము ముందు రోజే చూసి అదే కాగితం మీద రాసుకోండి, ఆదివారం మరీ జాగ్రత్త. బస్సు పోయినా టెన్షన్ వద్దు: హేఫీల్డ్ నుంచి న్యూ మిల్స్‌కి పాత రైలు కట్ట మీద సెట్ వ్యాలీ ట్రైల్ ఉంది. 4 కిలోమీటర్లు, చదును.

8. దారిలో వచ్చే ఇబ్బందులు

- మడమ చురుక్కుమంటోంది: ఆ నిమిషంలోనే ఆగి, సాక్స్ విప్పి, తుడిచి, ప్లాస్టర్ వేయండి. బొబ్బ లేచాక వేసినా అంత సుఖం ఉండదు.
- పీట్‌లో కాలు దిగింది: నిటారుగా లాగితే బూటు ఊడిపోతుంది. వెనక్కి ఆనుకుని మడమ తిప్పుతూ తీయండి.
- పొగమంచు కమ్మింది: అందరూ ఒకచోట చేరండి, మనుషుల్ని లెక్కపెట్టండి, ఆఖరిసారి ఎక్కడ ఉన్నామో కచ్చితంగా తెలిసిన చోటికి వెళ్లండి.
- దిగుతుంటే మోకాళ్లు నొప్పి: చిన్న చిన్న అడుగులు వేయండి, రెండు కర్రలుంటే చాలా తేడా ఉంటుంది.
- టాయిలెట్: ఆడపిల్లలు దీనికి భయపడి నీళ్లు తాగడం మానేస్తారు. అలా చేయకండి. వాగుకి కనీసం 50 మీటర్ల దూరం పోండి, ఒకరు కాపలా ఉంటారు, టిష్యూ కవర్లో వేసి వెనక్కి తెచ్చుకోండి.

9. ఎవరైనా పడిపోతే

ముందు ఆ మనిషికి ఉన్న బట్టలన్నీ తొడగండి, కింద సంచులు పరిచి కూర్చోబెట్టండి. తర్వాత 999 కి ఫోన్ చేసి పోలీస్ అడగండి, వాళ్లని మౌంటెన్ రెస్క్యూ అడగండి. ఫోన్ మ్యాప్ యాప్‌లో కనిపించే గ్రిడ్ అంకెలు (మీరున్న చోటు చెప్పేవి) చదివి చెప్పండి. వచ్చేవాళ్లు స్వచ్ఛంద సేవకులు, డబ్బు అడగరు. డబ్బులవుతాయేమోనన్న భయంతో ఆలస్యం చేయకండి.

మాట వినపడని చోట మెసేజ్ పోవచ్చు. దానికి ఇంటి దగ్గరే 999 కి register అనే మాట ఇంగ్లిష్‌లో మెసేజ్ పెట్టి నమోదు చేసుకోవాలి. ఈ రోజే చేసుకోండి.

అసలు సిగ్నలే లేకపోతే విజిల్: నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు. చీకట్లో టార్చితో కూడా అంతే.

బయల్దేరే ముందు రూమ్‌మేట్‌కో, ఇంట్లోవాళ్లకో దారి, చేరే టైము, ఏ టైము దాటితే ఫోన్ చేయాలో చెప్పండి. చేరాక "వచ్చేశాం" అని చెప్పడం మర్చిపోకండి.

10. ఇంటికి వచ్చాక

స్నానం చేసేటప్పుడు మోకాళ్ల వెనక, చంకల్లో, నడుము దగ్గర, జుట్టు మొదళ్లలో పిడుదుల కోసం చూసుకోండి. గసగసాల గింజంత ఉండొచ్చు. ఉంటే చర్మానికి ఆనించి ట్వీజర్‌తో పట్టుకుని నిదానంగా పైకి లాగండి. నూనె రాయడం, కాల్చడం చేయకండి. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రటి మచ్చ వలయంలా పెరిగినా, జ్వరం వచ్చినా జీపీ (మీ ఏరియా డాక్టర్) దగ్గరికి వెళ్లి పురుగు కుట్టిందని చెప్పండి.

బూట్ల పీట్ ఆ రాత్రే చల్లనీళ్లతో కడగండి, ఎండితే తోలు బిగుసుకుపోతుంది. లోపల పాత పేపర్లు కుక్కి నీడలో పెట్టండి. హీటర్ మీద పెడితే జిగురు వదిలి అడుగు ఊడుతుంది.